‘టేబుల్’ చేశారంటే ముందుకు తెచ్చారా, పక్కన పెట్టారా?

అందరికీ నమస్కారం.

నామవాచకాన్ని ఉన్నపళంగా క్రియ చేసేయడం ఇంగ్లీషుకు మామూలే. అలాంటి వాటిలో ఈ పూట ‘టేబుల్’ ఒక్కటే తీసుకుందాం. అట్లాంటిక్ దాటితే దీని అర్థం తిరగబడుతుంది.

బ్రిటన్‌లోనూ మన దగ్గరా ‘టేబుల్ ద రిపోర్ట్’ అంటే నివేదికను సభ ముందు పెట్టడం. ఆ టేబుల్ నిజంగా ఉన్నదే. లోక్‌సభలో స్పీకర్ స్థానానికి దిగువన సెక్రటరీ జనరల్ డెస్కుకు ఎదురుగా ఉండే బల్ల అది. రాజ్యాంగం 151వ అధికరణ ప్రకారం, ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ నివేదిక కేంద్రానిదైతే రాష్ట్రపతి పార్లమెంటు ముందు, రాష్ట్రానిదైతే గవర్నరు శాసనసభ ముందు పెట్టించాలి. ‘కాగ్ రిపోర్టు ఇంకా టేబుల్ చేయలేదేం?’ అని ప్రతిపక్షం నిలదీసేది అందుకే. బిల్లు విషయంలో మాత్రం సభా నియమాల్లోని మాట ‘ఇంట్రడ్యూస్’. పత్రికలు అక్కడా ‘టేబుల్డ్’ అనే రాస్తాయి. వార్తలో సరే గానీ, ఆఫీసు లేఖలో వద్దు.

అమెరికాలో అదే మాటకు అర్థం పక్కన పెట్టేయడం. అక్కడి ప్రతినిధుల సభలో ‘మోషన్ టు టేబుల్’ మీద చర్చే ఉండదు, నేరుగా ఓటింగే. నెగ్గిందా, ఆ విషయం కథ ముగిసినట్టే. సంఘాలూ క్లబ్బులూ పాటించే రాబర్ట్స్ రూల్స్ ఇంత కఠినం కాదు. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజినీరు 1876లో వేసిన ఆ నిబంధనల్లో ఇది తాత్కాలికంగా ఆపడమే. మెజారిటీ ఓటుతో మళ్లీ చర్చకు తేవచ్చు.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ తేడా పెద్ద తగవే తెచ్చిందని చర్చిల్ రాశారు. ఒక పత్రాన్ని వెంటనే చర్చించాలని బ్రిటిష్ అధికారులు ‘టేబుల్’ చేద్దామన్నారు. అమెరికన్లు ససేమిరా అన్నారు, వాళ్లకూ వెంటనే చర్చించాలనే ఉంది మరి! చాలాసేపు ఘాటుగా వాదించుకున్నాక గానీ ఇద్దరిదీ ఒకే మాటని తేలలేదు.

హైదరాబాద్ నుంచి అమెరికా టీమ్‌తో కాల్‌లో ఉన్నవాళ్లకు ఈ చిక్కు ఇప్పటికీ ఉంది. అటువైపు మేనేజరు ‘లెట్స్ టేబుల్ దిస్’ అనగానే ఇక్కడివాళ్లు స్లైడ్లు తెరిచేస్తారు. ఆయన అన్నది ‘ఇవాళ్టికి వదిలేద్దాం’ అని. వెంట ‘ఫర్ నౌ’, ‘అంటిల్ మండే’ లాంటి మాటలుంటే వాయిదా అని పట్టుకోండి. ‘ఇన్ పార్లమెంట్’ ఉంటే సమర్పించడం. ఏదీ లేకపోతే ‘ఇప్పుడు మాట్లాడదామా, తర్వాతా?’ అని అడిగేయడమే మేలు.

‘ఆన్ ద టేబుల్’తో ఈ బెడద లేదు, పరిశీలనలో ఉందనే అర్థం రెండు చోట్లా. ‘అండర్ ద టేబుల్’ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాసేటప్పుడు ‘టేబుల్ అబౌట్ ద ఇష్యూ’ అనకండి, ‘అబౌట్’ అక్కర్లేదు. రెండు దేశాలవాళ్లు చదివే మీటింగ్ మినిట్స్‌లోనైతే ఈ క్రియనే వదిలేసి ‘ప్రెజెంటెడ్’ అనో, తేదీ వేసి ‘పోస్ట్‌పోన్డ్’ అనో రాయండి.