ఈ వారం ఎలైన్ మే (అన్నారు)

అక్క: సరే, ఈ వారం ఎలైన్ మే, అమెరికన్ హాస్యనటి, రచయిత్రి, దర్శకురాలు. 1950ల్లో షికాగోలో కంపాస్ ప్లేయర్స్ అనే బృందంతో మొదలుపెట్టింది, స్క్రిప్ట్ లేని కామెడీ. అక్కడి నటుడు మైక్ నికల్స్‌తో జంట కుదిరింది. 1960లో ఇద్దరూ న్యూయార్క్ బ్రాడ్‌వే నాటక వేదిక ఎక్కారు. ఆ షోలో ప్రేక్షకులు మొదటి డైలాగ్, చివరి డైలాగ్, ఒక రచయిత పేరు ఇచ్చేవాళ్లు. ఆ రచయిత ధోరణిలో అప్పటికప్పుడు సీన్ ఆడేసేవాళ్లు.

తమ్ముడు: అవధానంలో దత్తపది!

(గంట మోగింది)

అక్క: అప్పుడేనా! అవధానం ఊసెత్తితే గంట కొడతానన్నానుగా, నిమిషం కూడా కాలేదురా.

తమ్ముడు: ఒకటి. లెక్కపెడుతున్నా. కానీ చూడక్కా, పృచ్ఛకుడు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటాడు. ఇదీ అదే కదా?

అక్క: కాదు. అవధాని ఒక్కడే కడతాడు పద్యం. ఈవిడకి ఎదురుగా నికల్స్ ఉన్నాడు, ఆయన ఏమంటాడో తెలీదు. పైగా పద్యానికి ఛందస్సు కాపు కాస్తుంది. దీనికేముంది?

తమ్ముడు: అప్రస్తుత ప్రసంగానికి ఏ ఛందస్సుంది? పద్యం మధ్యలో ఒకాయన అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేస్తాడు. జనం నవ్వేలా జవాబివ్వాలి, పద్యం దారి తప్పకూడదు.

అక్క: ...సరే, అది ఒప్పుకుంటా. కానీ చివర్లో ధారణ ఉందిగా? చెప్పిన పద్యాలన్నీ అప్పజెప్పాలి. వీళ్లది అలా నిలిచేది కాదు, పుట్టిన చోటే పోతుంది.

తమ్ముడు: పోతే ఆ రాకెట్ సైంటిస్టు స్కెచ్ ఏమిటి మరి? తల్లి ఫోన్ చేసి, నాకు ఫోన్ చేయవేం అని సాధించి సాధించి, చివరికి అంత శాస్త్రవేత్తా చంటిపిల్లాడిలా ముద్దుమాటల్లోకి దిగిపోతాడు. అది రోజూ కొత్తగా పుట్టిందా? అప్పజెప్పడమేగా!

అక్క: నువ్వు నా వాదనే చెబుతున్నావు! నికల్స్‌కి మెరుగు పెట్టడం ఇష్టం, ఈవిడకి కొత్తది పుట్టించడం. రోజూ అప్పజెప్పాల్సి వచ్చేసరికి విసుగొచ్చింది. 1961లో జంట విడిపోయింది.

తమ్ముడు: శతావధానంలో అయితే...

(గంట)

అక్క: సినిమాలకి వస్తున్నా, అడ్డురాకు. 1971లో "ఎ న్యూ లీఫ్". తనే రాసి, తీసి, నటించింది. అందులో నైట్‌గౌన్ సీన్! తల దూర్చాల్సింది చేతి కంతలో దూర్చేసి ఇరుక్కుపోతుంది. వాల్టర్ మాథౌ కొత్త మొగుడు, ఓపిగ్గా గుడ్డంతా తిప్పుతూ దారి వెతుకుతుంటాడు. ఇద్దరూ ఎంత సీరియస్‌గా ఉంటారంటే... నేను మూడో నాలుగో సార్లు వెనక్కి తిప్పి చూశా. స్టూడియో ఆ సినిమాని కోసేస్తే కోర్టుకెళ్లింది, తన పేరు తీసేయమంది.

తమ్ముడు: "మైకీ అండ్ నికీ" కూడా చెప్పు.

అక్క: 1976. పద్నాలుగు లక్షల అడుగుల ఫిల్మ్ తీసిందంటారు. నటులు ఫ్రేమ్‌లోంచి వెళ్లిపోయారు కదాని కెమెరామన్ ఆపితే, వాళ్లు మళ్లీ రావచ్చుగా అందట.

తమ్ముడు: నిర్మాత గుండె ఆగుంటుంది.

అక్క: నవ్వకు. వేదిక మీద ఆ ఓపికకే చప్పట్లు కొట్టారు, సినిమాలో అదే ఖర్చైపోయింది. 1987లో "ఇష్టార్" తన్నేశాక మళ్లీ కథాచిత్రం డైరెక్ట్ చేయనేలేదు. నటిగా మాత్రం 2019లో, 87 ఏళ్లకి, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు కొట్టింది. మతిమరుపులోకి జారిపోతున్న పెద్దావిడ పాత్ర.

తమ్ముడు: కానీ "ఇష్టార్" చెత్త సినిమా.

అక్క: చూశావా?

తమ్ముడు: అందరూ అంటారుగా.

అక్క: చూశావా, లేదా?

తమ్ముడు: ...లేదు.

అక్క: ఇప్పుడే చూద్దాం పద. ఆ లాప్‌టాప్ ఇటివ్వు.

తమ్ముడు: అక్కా, రికార్డింగ్ దాంట్లోనే అవుతోం...