నాలుకకు తెలియని రుచి

సభలోని పెద్దలకు, గ్రంథాలయ మిత్రులకు, పిల్లలకు నమస్కారం.

లోపలికి వచ్చేటప్పుడు మీ అందరి చేతుల్లో చిన్న కాగితం పొట్లం పెట్టాం. అందులో చిటికెడు సోంపు ఉంది. ముందుగా ముక్కు గట్టిగా మూసుకోండి. అలా మూసుకునే సోంపు నోట్లో వేసుకుని నమలండి. గాలి నోటితోనే పీల్చండి. ఏం తెలుస్తోంది? కాస్త తీపి, పొట్టు గరగర, అంతే కదా. అది సోంపని చెప్పడం కూడా కష్టమే. ఇప్పుడు ముక్కు వదలండి.

హాలంతా ఒక్కసారి "ఆఁ" అంది, విన్నారా? ముక్కు వదలగానే గుప్పున వచ్చిందే, దాన్నే మనం ఇన్నాళ్ళూ సోంపు రుచి అనుకున్నాం. అది నాలుక మీద పుట్టలేదు. నమిలినప్పుడు సోంపులోని నూనె ఆవిరై, గొంతు వెనక నుంచి ముక్కు పైభాగానికి ఎక్కింది. బయటి వాసన ముక్కు రంధ్రాల్లోంచి వెళ్తుంది. నోట్లో ఉన్న తిండి వాసన దొడ్డిదారిన వెళ్తుంది. రెండూ చేరేది ఒక్కచోటికే. కానీ ముద్ద నోట్లో ఉంది కాబట్టి మెదడు ఆ వాసనను కూడా నోటి ఖాతాలోనే వేస్తుంది.

నాలుకకు సొంతంగా తెలిసేవి ముఖ్యంగా ఐదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. ఈ ఐదోదాన్ని 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త పట్టుకున్నారు. కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన చారు ఎందుకంత బాగుంటుందని వెతికితే, ఆ రుచినిచ్చే గ్లుటమేట్ అనే పదార్థం దొరికింది. మన పండు టమాటాలోనూ అదుంది. ముక్కు సంగతి వేరు. వాసన పట్టే గ్రాహకాలు మనిషికి దాదాపు 400 రకాలున్నాయి. ఆ జన్యువుల కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో బయటపెట్టారు, 2004లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఐదు ఎక్కడ, 400 ఎక్కడ! మామిడిపండ్లలో రసాలకీ బంగినపల్లికీ తేడా చెప్పేది చాలావరకు ఆ 400 రకాలే.

నాలుక కొసన తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని బొమ్మ వేసి రంగులు నింపిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నేనూ బడిలో అదే పాఠం చెప్పాను. అది తప్పు. 1901లో జర్మనీలో హేనిగ్ అనే ఆయన నాలుక మీద చోటుచోటుకీ ఉన్న కొద్దిపాటి తేడాలు కొలిచారు. తర్వాత 1942లో ఒక అమెరికన్ పుస్తకంలో ఆ లెక్కల్ని గ్రాఫుగా గీసిన తీరు వల్ల, ఒక్కో రుచికి ఒక్కో చోటు ఉందన్న భ్రమ పాకిపోయింది. నాలుక మీద రుచి మొగ్గలున్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. ఇంటికెళ్ళి నాలుక కొసన ఒక ఉప్పురవ్వ పెట్టుకుంటే తేలిపోతుంది.

ఇక కారం. ఇది నాకెంతో ఇష్టమైన సంగతి, కాస్త ఓపిక పట్టండి. కారం రుచి కాదు, మంట. మన నోట్లో వేడిని కనిపెట్టే ఒక గ్రాహకం ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపుతుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా అదే కబురు వెళ్తుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. మెదడుకు సంబంధించినంత వరకు పచ్చిమిరపకాయ కొరకడమూ వేడి టీ గుటకేయడమూ ఒకలాంటివే. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే చెంబెడు నీళ్ళు తాగినా తగ్గని మంట ఒక్క ముద్ద పెరుగన్నానికి తగ్గుతుంది. ఆవకాయన్నంలో నెయ్యి ఎందుకో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

ఆవకాయలో ఇంకోటి కూడా ఉంది, ఘాటు. తెలుగులో కారం వేరు, ఘాటు వేరు. ఈ రెండు మాటలు పెట్టుకున్న మనవాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు. కారం నాలుక మీద కూర్చుంటుంది. ఘాటు నసాళానికి అంటుతుంది. ఎందుకంటే క్యాప్సైసిన్ ఆవిరి కాదు, ఆవఘాటు ఆవిరవుతుంది. గుండు ఆవగింజలో ఆ ఘాటు లేనే లేదు. దాని ముడిసరుకు ఒక అరలో, దాన్ని విరిచే ఎంజైము ఇంకో అరలో ఉంటాయి. గింజను దంచి తడి తగిలించినప్పుడు రెండూ కలిసి అప్పటికప్పుడు ఘాటు పుడుతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకు ఘాటు రాదు, వేడి నూనెకు ఆ ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి. అరటిపువ్వు కూరలో ఆవ పెట్టేటప్పుడు పొయ్యి ఆపాకే కలపమని పెద్దవాళ్ళు చెప్పేది ఈ కారణానికే.

వగరు కూడా పూర్తిగా రుచి కాదు, స్పర్శ. కరక్కాయలోని టానిన్లు ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టి ముద్ద చేస్తే, జారుడు పోయి నాలుక బిగుసుకుంటుంది. మరి ఉగాది పచ్చడిలో ఆరు రుచులు కదా అంటారు. ఆరూ ఉన్నాయి. నాలుక, ముక్కు, మంట తెలిసే నరాలు, స్పర్శ అన్నీ కలిసి తింటున్నాయి. మన భాషకు ఇది ఎప్పుడో తెలుసు. కమ్మటి వాసన అంటాం, కమ్మటి పప్పు అంటాం. ఒకే మాట ముక్కుకీ నోటికీ.

అసలు ఈ విషయం మీద మాట్లాడాలని నాకెందుకనిపించిందో చెప్తాను.

2021లో మా అమ్మకు కోవిడ్ వచ్చి తగ్గింది. తగ్గాక రోజూ ఒకటే మాట, "పప్పులో ఉప్పు తక్కువైంది." మా ఆవిడ ఇంకాస్త వేసేది. మర్నాడు మళ్ళీ అదే మాట. కంచం సగంలో వదిలేసేది. నేను ఒకరోజు విసుక్కున్నాను, "నీకు ఏం వండినా వంకేనా" అని. అమ్మ ఏమీ అనలేదు, చెయ్యి కడుక్కుంది. వారం తర్వాత పొయ్యి మీద పాలు పొంగి, అడుగంటి, ఇల్లంతా మాడు కంపు. నేను వీధి గుమ్మం దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాను. అమ్మ వంటింట్లోనే పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల కూడా ఎత్తలేదు. అప్పుడు అర్థమైంది నాకు. ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి, మా అమ్మ ముక్కు పోయిందని పాలు మాడేదాకా తెలుసుకోలేకపోయాను.

కోవిడ్ వైరస్ వాసన నరాలకు ఆసరాగా ఉండే కణాలను దెబ్బతీస్తుంది. చాలామందికి వారాల్లో తిరిగొచ్చింది, కొందరికి రాలేదు. కోవిడ్ రాకపోయినా వయసుతో వాసన తగ్గుతుంది. కళ్ళు మసకబారితే మనిషికి తెలుస్తుంది, ముక్కు మొద్దుబారితే మాత్రం తిండి బాగాలేదనే అనిపిస్తుంది. ఎన్ని ఇళ్ళల్లో అత్తాకోడళ్ళకు దీని మీదే మాటా మాటా పెరుగుతోందో. అమ్మా, అది మీ చేతివంట తప్పు కాదు. ఆ పెద్దావిడ చాదస్తమూ కాదు. రుచి లేదన్నారని ఉప్పు పెంచుకుంటూ పోకండి. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, బీపీ ఉన్నవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. కాస్త నిమ్మరసం పిండండి, నాలుకకు పులుపు బాగానే తెలుస్తుంది. అప్పడమో వడియమో పక్కన పెట్టండి, కరకర నమిలితే ముద్ద దిగుతుంది. గ్యాస్ లీకైతే తెలియడానికి కంపెనీలు అందులో వాసన కలుపుతాయి, కానీ వాసన తెలియని మనిషికి అది పనికిరాదు. అలాంటివాళ్ళు ఒంటరిగా ఉంటే రెగ్యులేటర్ కట్టేసే బాధ్యత ఇంకొకరు తీసుకోవాలి. ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

మా డాక్టరుగారు అమ్మకు వాసన సాధన చెప్పారు. జర్మనీలో 2009లో పరీక్షించి చూసిన పద్ధతి అది. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్. నాలుగు సీసాలు పెట్టుకుని, రోజుకు రెండు పూటలా ఒక్కోదాన్నీ కాసేపు వాసన చూడాలి, మూడు నెలలకు తక్కువ కాకుండా. అందరికీ పనిచేస్తుందని కాదు, కొందరికి పనిచేస్తుంది. అమ్మ పొద్దున దీపం పెట్టాక ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కళ్ళు మూసుకుని చూసేది. రెండు నెలలకు పైగా నాలుగూ ఒకటే అనేది. తర్వాత ఒక రాత్రి మూడో సీసా పట్టుకుని, "ఇది లవంగం కదూ" అంది.

ఆ నాలుగు సీసాలూ ఇవాళ తెచ్చాను, ఈ బల్ల మీదే ఉన్నాయి. వెళ్ళేటప్పుడు కళ్ళు మూసుకుని ఒక్కోటీ చూసి వెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళతో వచ్చినవాళ్ళు ముందు వాళ్ళ చేతికివ్వండి.