రసీదు మీద నంబరు ఉంటే చాలా?

శ్రోతలకు నమస్కారం.

మొన్న ఆదివారం మా ఇంటికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. అనాథ పిల్లల కోసం చందా అడిగారు. "మాది రిజిస్టర్డ్ సంస్థ సార్" అంటూ రసీదు పైన అచ్చేసిన నంబరు చూపించారు. చాలా ఏళ్లు ట్రస్టుల లెక్కలు చూసినవాణ్ణి, ఆ నంబరేమిటో చూడగానే తెలిసింది. మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు కలిసి బైలాస్, అంటే సంస్థ నియమాలు, రాసుకుని దరఖాస్తు పెట్టుకుంటే అది వస్తుంది. సంస్థ పుట్టిందని దానర్థం, అంతే. క్రికెట్ క్లబ్బుకైనా అలాంటి నంబరే ఇస్తారు.

మరి ధర్మసంస్థ అవునో కాదో తేల్చేదేమిటి? పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయ పన్ను శాఖ దగ్గర మళ్లీ విడిగా రిజిస్టర్ కావాలి. వాళ్లు చూసేది సంస్థ ఉద్దేశాలు. పేదలకు సాయం, చదువు, వైద్యం, యోగా, పర్యావరణ రక్షణ, పాత కట్టడాల రక్షణ, ఇవి చట్టంలో పేరు పెట్టి చెప్పినవి. వీటి తర్వాత "ప్రజలకు సాధారణంగా ఉపయోగపడే మరే ఉద్దేశమైనా" అని ఒక మాట ఉంది. కోర్టుల్లో తగువులు ఎక్కువగా ఆ మాట దగ్గరే.

అందులో నాకు బాగా ఇష్టమైన కేసు మనవాళ్లదే. మద్రాసులో ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ అని తెలుగు వ్యాపారుల సంఘం ఉంది. దానికి సొంత భవనం, ఆ భవనం మీద అద్దె. ఆ అద్దెకు పన్ను కట్టమంది ఆదాయ పన్ను శాఖ. మాది ధర్మసంస్థ, పన్ను పడదంది చాంబర్. వింటే మనకూ ఆశ్చర్యమే కదా, వ్యాపారుల సంఘం ధర్మసంస్థ ఎలా అవుతుంది? శాఖ అదే అడిగింది. లాభపడేది వ్యాపారులే కదా అంది. పైగా వాణిజ్యానికి సంబంధించిన చట్టాలను సమర్థించడం, వ్యతిరేకించడం కూడా మీ ఉద్దేశాల్లో రాసుకున్నారు, అది రాజకీయం కాదా అని నిలదీసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

1960ల నడుమ తీర్పు వచ్చింది. చాంబరే గెలిచింది. వాణిజ్యం, పరిశ్రమలు పెరిగితే ఆ బాగు సమాజమంతటికీ అందుతుందని, వ్యాపారులకూ అందులో వాటా ఉన్నంత మాత్రాన అది ప్రజోపయోగం కాకుండా పోదని కోర్టు అంది. చట్టాల గురించిన ఆ ఉద్దేశం అసలు పనికి తోడుగా ఉన్నదే తప్ప అదే అసలు పని కాదని కూడా చెప్పింది.

తర్వాతి కాలంలో చట్టం బిగిసింది. ప్రజోపయోగం పేరుతో నడిచే సంస్థకు వ్యాపారం లాంటి పనుల మీద వచ్చే డబ్బు, దాని మొత్తం రాబడిలో 20 శాతం మించకూడదన్నారు. అయినా ఆ తీర్పు అడిగిన ప్రశ్న మాత్రం పాతబడలేదు. ఎవరి కోసం? చివరికి ఎవరి కోసం?

ఈ ప్రశ్న దగ్గరే ఇబ్బంది పడిన ఒక పెద్దాయన నాకు తెలుసు. రిటైర్డ్ టీచరు. భార్య పోయాక ఆమె పేరు మీద పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వాలని రెండెకరాలు రాసిచ్చి ట్రస్టు పెట్టారు. దస్తావేజు నా దగ్గరకు తెచ్చారు. ఉద్దేశాల్లో "మా వంశంలోని విద్యార్థులకు, ఇతరులకు" అని ఉంది. చివరి పేజీలో, ట్రస్టు మూతపడితే ఆస్తి వారసులకు చెందుతుందని ఉంది. దస్తావేజు రాసిపెట్టినాయన కుటుంబ ట్రస్టు నమూనా చూసి దించేశాడు. ఆ రెండు వాక్యాలతో, ఆమె పేరు మీద ఇచ్చిన పొలం తిరిగి ఇంట్లోకే వచ్చినట్టయింది. పెద్దాయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, ఆ పేజీ మళ్లీ చదివారు. "నేను అడిగింది ఇది కాదండీ" అన్నారు. నాకు ఇప్పటికీ బాధే.

దాన్ని సరిదిద్దడానికి చాలా తిరగాల్సి వచ్చింది. ఇప్పుడందులో మండలంలో పదో తరగతి పాసైన పేద పిల్లలు అని ఉంది. ట్రస్టు మూతపడితే ఆస్తి అలాంటి ఉద్దేశాలే ఉన్న మరో ధర్మసంస్థకు పోతుందని ఉంది. ఒక కులానికో మతానికో మాత్రమే అని రాసినా మినహాయింపు దగ్గర చిక్కే, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, స్త్రీలకు, పిల్లలకు పెట్టినవైతే వేరు.

అందుకే ట్రస్టు పెట్టాలనుకునేవాళ్లను నేను కోరేది ఒక్కటే. సంతకం పెట్టే ముందు దస్తావేజులో ఆ రెండు చోట్లూ మీరే చదవండి. ఎవరి కోసం అన్న చోటు, మూతపడితే ఆస్తి ఎవరికి అన్న చోటు. ఎవరో చదివి చెప్పడం కాదు, మీరే చదవండి.

ఆ కుర్రాళ్లను కూడా బైలాస్ కాపీ చూపించమన్నాను. వాళ్లేమీ నొచ్చుకోలేదు. వచ్చే ఆదివారం తెస్తామన్నారు.