మరకలోనుంచి కొండలు: అలెగ్జాండర్ కోజెన్స్ చిత్రలేఖన పద్ధతి

శ్రోతలకు నమస్కారం.

ఎదురుగా ఉన్న కొండనో ఏటినో చూసి గీయడం సాధనతో అబ్బుతుంది. ఎక్కడా లేని దృశ్యాన్ని మనసులో కల్పించుకుని గీయడాన్ని శిష్యులకు నేర్పేదెలా? పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఈ ప్రశ్నను దశాబ్దాలపాటు విడిచిపెట్టని గురువు అలెగ్జాండర్ కోజెన్స్. రష్యాలో పుట్టి, ఈటన్ పాఠశాలలో చిత్రలేఖనం బోధించిన ఆయన, 1759లో ఒక చిన్న పుస్తకంలో సూచించిన ఉపాయాన్ని, 1786లో మరణించడానికి కొద్దికాలం ముందు సమగ్ర గ్రంథంగా వెలువరించాడు.

ఒకనాడు శిష్యుడితో మాట్లాడుతూ, చేతికింద ఉన్న మరకల కాగితంపై యథాలాపంగా గీస్తుండగా, ఆ మరకలే తన చేతిని నడిపిస్తున్నట్టు కోజెన్స్ గమనించాడట. గోడలమీది మరకల్లో దృశ్యాలు వెతకమని లియొనార్డో డావించీ అంతకు ఎంతో ముందే చెప్పాడు కానీ, దొరికిన మరకతో సరిపెట్టుకోకుండా మరకను మనమే చేసుకోవాలన్నది కోజెన్స్ వేసిన తర్వాతి అడుగు. గీయదలచిన దృశ్యం స్థూలరూపాన్ని మనసులో బలంగా నిలుపుకుని, పెద్ద కుంచెను నల్లసిరాలో ముంచి, వివరాల జోలికి పోకుండా వీలైనంత వేగంగా కాగితంపై ముద్దలు ముద్దలుగా వేయాలి. కావాలంటే కాగితాన్ని ముందే నలిపి, మళ్ళీ సాపు చేసుకోవచ్చు. తరువాత పలుచని పారదర్శక కాగితాన్ని దానిపై పరిచి, కింద కనిపించే నల్లని రాశుల్లో కొండ ఏదో, చెట్ల గుంపు ఏదో తేల్చుకుంటూ, మరకలో లేనిదేదీ చేర్చకుండా, కుంచెతోనే దృశ్యాన్ని తీర్చిదిద్దాలి.

ఇది అదృష్టంపై ఆధారపడిన పద్ధతి అనుకోవడం పొరపాటని నా దృఢాభిప్రాయం. చెయ్యి స్వేచ్ఛగా కదిలినా దాని వెనుక సంకల్పం ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ఆకుల దగ్గర, కొమ్మల దగ్గర ఆగిపోయే అలవాటును మాన్పించి, వెలుగునీడల మొత్తం అమరికను ముందు చూడమని ఇది శిష్యుణ్ణి నిర్బంధిస్తుంది. అదే కాలంలో ఆంగ్ల చిత్రకారుడు గెయిన్స్‌బరో బల్లమీద రాళ్ళు, ఎండుమొక్కలు, అద్దపు ముక్కలు పేర్చుకుని వాటినుంచి దృశ్యాలు కల్పించేవాడని మరో చిత్రకారుడు రెనాల్డ్స్ చెప్పాడు. ఊహకు ఆసరా వెతకడంలో కోజెన్స్ ఒంటరివాడు కాడు.

అయినా ఎగతాళి తప్పలేదు. ఎడ్వర్డ్ డేయ్స్ అనే చిత్రకారుడు ఆయనను ఊరందరికీ మరకల దండనాయకుడన్నాడు. కానీ తన సమగ్ర గ్రంథంలో కోజెన్స్ ముద్రించిన 20 ఆకాశపు నమూనాలను, తరువాతి శతాబ్దంలో, మేఘాలను అంత శ్రద్ధగా పరిశీలించిన చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ తన చేతితో నకలు తీసుకున్నాడు.