ఆగని ఫ్లష్ ట్యాంక్: తప్పు వాషర్‌దా, వాల్వ్‌దా?

హోస్ట్: అన్నా, రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక బాత్రూమ్‌లోంచి సన్నగా సుయ్‌మని చప్పుడు. పొద్దున చూస్తే కమోడ్ గిన్నె లోపల, వెనక వైపు నుంచి నీళ్లు జారుతూనే ఉంటాయి. చాలామంది వెంటనే ట్యాంక్ లోపలి సెట్ మొత్తం మార్పిస్తారు. అంత అవసరమా?

ప్లంబర్: చాలాసార్లు ఉండదు మేడమ్. ట్యాంక్‌లో పని చేసేవి రెండే. నీళ్లు నింపేది ఇన్‌లెట్ వాల్వ్, కమోడ్‌లోకి వదిలేది ఫ్లష్ వాల్వ్. తప్పు దేంట్లో ఉందో తేల్చుకోకుండా ఏదీ విప్పొద్దు.

హోస్ట్: ఎట్లా తేల్చుకోవాలి?

ప్లంబర్: ట్యాంక్ మూత తీసి, పిల్లల స్కేల్ పెట్టి, పై అంచు నుంచి నీళ్లదాకా ఎన్ని సెంటీమీటర్లుందో రాసుకోండి. గోడకున్న యాంగిల్ కాక్, అంటే ట్యాంక్‌కు నీళ్లొచ్చే చిన్న కుళాయి, పూర్తిగా కట్టేయండి. అరగంట ఎవరూ వాడొద్దు. మళ్లా కొలవండి. నీళ్లు దిగుతూ పోతే ఫ్లష్ వాల్వ్ కింది రబ్బరు వాషర్ పట్టట్లేదన్నట్టు. దిగకుండా నిలబడి, కాక్ తెరవంగనే మట్టం పెరిగి ఓవర్‌ఫ్లో గొట్టంలోకి, అంటే ఎక్కువైన నీళ్లను కమోడ్‌లోకి వదిలే నిలువు గొట్టంలోకి పోతుంటే ఇన్‌లెట్ వాల్వ్ ఆగట్లేదన్నట్టు. అయితే ముందు నేల తడిగా ఉందేమో చూడండి. తడి ఉంటే ట్యాంక్ కింది జాయింట్ కారుతుండొచ్చు, అది వేరే పని.

హోస్ట్: చప్పుడును బట్టి తెలుస్తదా?

ప్లంబర్: కొంతవరకు తెలుస్తది. ఎవరూ ఫ్లష్ చేయకుండానే అప్పుడప్పుడు కొన్ని సెకన్లు నిండి ఆగిపోతుంటే ఎక్కువసార్లు వాషర్. ఆపకుండా ఒకటే తీరుగా వస్తుంటే ఎక్కువసార్లు ఇన్‌లెట్.

హోస్ట్: సన్నగా కారితే ఎన్ని నీళ్లు పోతాయిలే అనుకుంటారు కదా.

ప్లంబర్: లెక్క కడదాం. ట్యాంక్ లోపల 35 సెంటీమీటర్ల పొడవు, 14 వెడల్పు అనుకోండి. అరగంటలో 2 సెంటీమీటర్లు దిగితే 980 మిల్లీలీటర్లు, అంటే దాదాపు లీటరు. రోజుకు 48 లీటర్ల దాకా. ఇది చిన్న లీకు. ఇన్‌లెట్ ఆగక నిమిషానికి లీటరు పోతే రోజుకు 1,440 లీటర్లు, నెలకు 43 వేల పైనే.

హోస్ట్: హైదరాబాద్ జలమండలి 2021 నుంచి ఇస్తున్న ఉచిత నీళ్లే నెలకు 20 వేల లీటర్లు. అంటే రెండు నెలల కోటా ఒక్క కమోడ్‌లో పోయినట్టే.

ప్లంబర్: పోయినట్టే. ట్యాంకర్ తెప్పించుకునే అపార్ట్‌మెంట్‌లో అయితే ఆ భారం అందరి మీద పడతది.

హోస్ట్: వాషర్ మార్చడం ఇంట్లోవాళ్లకు సాధ్యమేనా?

ప్లంబర్: సాధ్యమే. కాక్ కట్టి, ఫ్లష్ చేసి ట్యాంక్ ఖాళీ చేయండి. బటన్ మూతకే బిగించి ఉంటే మూతను గుంజొద్దు, ముందు బటన్ రింగ్‌ను ఎడమకు తిప్పి విప్పాలి. రెండు బటన్లుండే డ్యూయల్ ఫ్లష్ వాల్వ్‌లు చాలావరకు ఎడమకు పావు చుట్టు తిప్పితే పైకొస్తాయి. దాని అడుగున ఉన్న రబ్బరు చక్రమే వాషర్. అంచు ఉబ్బినా, వంకరపోయినా, వేలితో రాస్తే నల్లగా అంటినా పనికిరాదు. రెండు వైపులా ఒకే తీరుగా ఉంటే తిప్పి వేయండి, కొత్తది దొరికేదాకా నడుస్తది. అది కూర్చునే ప్లాస్టిక్ అంచును కూడా వేలితో తడమండి. సున్నం గరుకుగా తగిలితే కొత్త వాషర్ వేసినా కారుతది.

హోస్ట్: మన దగ్గర బోరు నీళ్లకు ఆ సున్నం బాధే ఎక్కువ.

ప్లంబర్: అవును. విప్పిన ముక్కల్ని తెల్ల వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం ట్యాంక్‌లో పోయొద్దు, రబ్బరూ లోపలి ఇనుప ముక్కలూ పాడైతయి. ట్యాంక్‌లో వేసే బ్లీచింగ్ బిళ్లలు కూడా రబ్బరును తినేస్తయి.

హోస్ట్: ఇన్‌లెట్ సంగతి?

ప్లంబర్: ముందు మట్టం సరిచేయండి. నీళ్లు ఓవర్‌ఫ్లో అంచుకు ఒక అంగుళం కిందనే ఆగాలి. ఇన్‌లెట్ వాల్వ్‌కు నీళ్ల మీద తేలే ఫ్లోట్ ఉంటది, దాని పక్కన స్క్రూ ఉంటది, కొంచెం కొంచెం తిప్పి చూడండి. ఫ్లోట్‌ను చేత్తో పైకెత్తినా నీళ్లు ఆగకపోతే లోపలి డయాఫ్రమ్‌లో, అంటే నీళ్లను ఆపే పల్చటి రబ్బరు బిళ్లలో, చెత్త ఇరుక్కున్నట్టు. సంపు గానీ పైన ట్యాంక్ గానీ కడిగించిన మర్నాడు ఇది మొదలైతే ముందు అనుమానించాల్సింది ఆ మట్టినే. కాక్ కట్టి, వాల్వ్ టోపీ తీసి ఆ రబ్బరు కడగండి. తర్వాత ఆ తెరిచిన వాల్వ్ మీద మగ్గు బోర్లించి పట్టుకుని, కాక్ రెండు సెకన్లు తెరవండి. ఇసుక బయటికొస్తది. కనెక్షన్ పైపు చేరేచోట జాలీ ఉంటే అది కూడా కడగాలి.

హోస్ట్: అప్పటికీ ఆగకపోతే?

ప్లంబర్: వాల్వ్ మార్చాలి. పాతది చేతిలో పట్టుకుని రాణిగంజ్‌కో, ట్రూప్ బజార్‌కో పోండి. నీళ్లు అడుగు నుంచి ఎక్కే వాల్వ్ వేరు, పక్క నుంచి ఎక్కేది వేరు. నోటితో చెబితే తప్పు సామాను వస్తది. బిగించేటప్పుడు రబ్బరు వాషర్ ట్యాంక్ లోపలి వైపే ఉండాలి. కింది నట్టు చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. పానాతో బలంగా తిప్పితే ప్లాస్టిక్ మరలు తెగుతయి, పింగాణీ కూడా పగలొచ్చు.

హోస్ట్: అన్నీ సరిచేసినా, మూత పెట్టగానే మళ్లీ కారడం మొదలవుతుందని కొందరంటారు.

ప్లంబర్: అది బటన్ కింద ఉండి వాల్వ్‌ను నొక్కే పుల్లల పని. అవి పొడవైతే మూత పెట్టగానే వాల్వ్‌ను నొక్కి పట్టుకుంటయి. పుల్లకూ వాల్వ్‌కూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండేట్టు మర తిప్పి తగ్గించండి. ఆ తర్వాత ట్యాంక్‌లో బట్టల నీలం నాలుగు చుక్కలు వేసి, అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కమోడ్‌లో నీళ్లు తెల్లగానే ఉంటే వాషర్ పట్టినట్టే. నీలి రంగు దిగితే మళ్లీ వాల్వ్ పైకి తీసి, వాషర్ గాడిలో సరిగ్గా కూర్చుందా చూడాలి.