తుంటి మార్పిడి తర్వాత నొప్పి పోయినా కుంటు ఎందుకు పోదు?

[తెరపై: గోడకి ఆనించిన చేతికర్ర. దాని పక్క నుంచి ఒకరు కర్ర లేకుండా, ఒక వైపుకి ఒరుగుతూ నడిచి వెళ్తున్నారు.]

నమస్తే. తుంటి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కొన్ని వారాలు గడిచాక తరచూ అనే మాట ఇది: "నొప్పి పోయిందండీ, ఇంకా ఈ కర్ర దేనికి?" అదే ఇంట్లోవాళ్లని అడిగితే ఇంకో మాట చెబుతారు: "నొప్పి లేదంటున్నారు కానీ, నడుస్తుంటే పక్కకి ఒరిగిపోతున్నారు." రెండూ నిజమే. నొప్పి తగ్గడం వేరు, కండరానికి బలం రావడం వేరు. ఈ తేడా తెలియక చాలామంది వ్యాయామాలు మధ్యలోనే మానేస్తారు. అక్కడే కుంటు అలవాటైపోతుంది.

ముందు లోపల ఏం మారిందో చూద్దాం.

[తెరపై: తుంటి కీలు బొమ్మ. అరిగిన భాగాలు ఒకవైపు, కొత్త భాగాలు ఇంకోవైపు.]

తొడ ఎముక పైకొసన ఒక బంతి ఉంటుంది. కటి ఎముకలో ఆ బంతి తిరిగే గిన్నె ఉంటుంది. ఇదే తుంటి కీలు. ఆపరేషన్‌లో అరిగిన బంతిని తీసేసి, తొడ ఎముక లోపలికి ఒక లోహపు కాడ దింపి, దానిపైన లోహంతోనో సిరామిక్‌తోనో చేసిన బంతిని బిగిస్తారు. గిన్నెలో కొత్త కప్పు అమరుస్తారు, దాని లోపలి పొర చాలావరకు గట్టి ప్లాస్టిక్‌దే. 1960లలో ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్లీ ఈ పద్ధతికి దారి వేశారు. అరిగిన ఎముకలు రాసుకోవడం ఆగిపోయింది కాబట్టి ఆ పాత నొప్పి త్వరగానే పోతుంది. మిగిలేది కోత నొప్పి, అదీ మెల్లగా తగ్గుతుంది.

కీలు కొత్తదే, దాని చుట్టూ ఉన్న కండరాలు మాత్రం పాతవే. ఆపరేషన్‌కి ముందు ఎంతో కాలంగా నొప్పికి భయపడి ఆ కాలి మీద సరిగా బరువు వేసి ఉండరు. దాంతో పిరుదు కండరాలు సన్నబడి ఉంటాయి. పైగా ఆపరేషన్‌లో కొన్ని కండరాలను పక్కకి లాగాల్సి వస్తుంది, కొన్ని పద్ధతుల్లో కొంత భాగం విడదీసి మళ్లీ కుట్టాల్సి వస్తుంది. వాటికి బలం రావడానికి నెలలు పడుతుంది. కొందరిలో ఏడాది దాకా మెరుగుదల కనిపిస్తూనే ఉంటుంది.

[తెరపై: పిరుదు పక్కన ఉండే కండరాన్ని రంగుతో చూపించాలి.]

వాటిలో గ్లూటియస్ మీడియస్ అనే కండరం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆపరేషన్ కానివాళ్లు ఇప్పుడే చూసుకోవచ్చు. నడుం పక్కన చెయ్యి పెడితే ఎముక అంచు తగులుతుంది. దానికి కొంచెం కింద వేళ్లు ఆనించి, అవతలి కాలు పైకెత్తండి. వేళ్ల కింద ఏదో గట్టిపడింది కదా? అదే. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒక క్షణం ఒంటికాలి మీదే ఉంటాం. ఆ క్షణంలో కటి అవతలి వైపుకి వాలిపోకుండా పట్టి ఉంచేది ఈ కండరమే. దానికి ఆ బలం లేకపోతే కటి వాలిపోతుంది. లేదా వాలకుండా ఉండాలని మనకి తెలియకుండానే ఒంటిని ఆపరేషన్ వైపుకి ఒరిగిస్తాం. ఇంట్లోవాళ్లకి కనిపించే కుంటు అదే.

కర్ర పని ఇక్కడే మొదలవుతుంది. కర్రను ఆపరేషన్ అయిన వైపు కాదు, దానికి ఎదురు చేత్తో పట్టుకోవాలి. కుడి తుంటికి ఆపరేషన్ అయితే ఎడమ చేత్తో. వినగానే తిరకాసుగా అనిపిస్తుంది గానీ, కారణం సులువే. ఒంటికాలి మీద నిలబడినప్పుడు తుంటి కీలు మీద పడే భారం శరీర బరువుకి సుమారు రెండున్నర, మూడు రెట్లు ఉంటుంది. ఎందుకంటే శరీర బరువు కీలుకి దూరంగా లాగుతుంటే, దాన్ని ఆపే కండరం కీలుకి దగ్గర్లోనే ఉండి చాలా గట్టిగా లాగాలి. ఎదురు చేతిలోని కర్ర కీలుకి దూరంగా ఉంటుంది కాబట్టి, దాని మీద కొంచెం బరువు మోపినా కండరానికి పెద్ద సాయం అందుతుంది.

[తెరపై: నడక, పక్క నుంచి, నెమ్మదిగా.]

కర్ర, ఆపరేషన్ కాలు రెండూ కలిసి ముందుకి వెళ్లాలి. ఆ తర్వాత మంచి కాలు. చెయ్యి కిందకి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు దగ్గరికి రావాలి. అంతకంటే ఎత్తుగా ఉంటే భుజం లేస్తుంది, పొట్టిగా ఉంటే ఒళ్లు వంగిపోతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రతో పాటు ఆపరేషన్ కాలు ముందు.

మొదటి రోజుల సంగతి కొంచెం చెబుతాను. ఇప్పుడు చాలామందిని ఆపరేషన్ రోజునో, మర్నాడో లేపి వాకర్‌తో నడిపిస్తున్నారు. పడుకున్నప్పుడు పాదాలు పైకీ కిందకీ ఆడించడం, పిరుదులు బిగించి వదలడం, మోకాలిని పరుపుకి నొక్కడం చేయిస్తారు. ఇవి మరీ చిన్న పనుల్లా ఉన్నాయని తీసిపారేయకండి. పాదాలు ఆడిస్తే కాలి సిరల్లో రక్తం కదులుతుంది, గడ్డకట్టే ముప్పు తగ్గించడానికి అదీ ఒక సాయం. రక్తం పలచబడే మందులు రాసి ఉంటే అవి మానకూడదు.

కుర్చీలోంచి లేచే పద్ధతి కూడా ముఖ్యమే.

[తెరపై: చేతులున్న ఎత్తు కుర్చీ. లేవడం, దగ్గర నుంచి.]

ముందు కుర్చీ అంచుకి జరగండి. ఆపరేషన్ కాలు కొంచెం ముందుకి చాపండి. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి, మంచి కాలి మీద బరువు వేసి లేవండి. నిలబడ్డాకే వాకర్ పట్టుకోవాలి. వాకర్ పట్టుకుని లాగుతూ లేస్తే అది మీ మీదకే ఒరుగుతుంది. పక్కకి తిరగాల్సి వస్తే ఆపరేషన్ కాలిని నేలకి ఆనించి ఒళ్లు గిర్రున తిప్పకండి, చిన్న చిన్న అడుగులు వేస్తూ తిరగండి.

తుంటి వెనక వైపు నుంచి ఆపరేషన్ చేసి ఉంటే, కొన్ని వారాల పాటు తుంటిని 90 డిగ్రీలకి మించి వంచొద్దని, కాలు మీద కాలు వేయొద్దని, కాలిని లోపలికి తిప్పొద్దని చెబుతారు. ముందు వైపు నుంచి చేస్తే జాగ్రత్తలు వేరు. కాలిని బాగా వెనక్కి చాపడం, పాదం బయటికి తిప్పడం దగ్గర కాచుకోవాలి. కొందరు సర్జన్లు ఈ ఆంక్షలు బాగా తగ్గించారు కూడా. అందుకని పక్కింటివాళ్ల జాగ్రత్తలు మీకు పనికిరావు. నాకు ఏ వైపు నుంచి చేశారు, ఏం చేయకూడదు, ఎన్ని వారాలు అని మీ సర్జన్నే అడిగి రాసుకోండి.

[తెరపై: గట్టి బల్ల పట్టుకుని కాలు పక్కకి ఎత్తడం.]

ఇక కుంటు పోగొట్టే అసలు వ్యాయామం. మీ ఫిజియోథెరపిస్ట్ సరేనన్నాకే చేయండి. బల్ల పట్టుకుని నిటారుగా నిలబడి, ఆపరేషన్ కాలిని నెమ్మదిగా పక్కకి ఎత్తి దించాలి. దాదాపు అందరూ ఇక్కడే దారి తప్పుతారు. పాదం బయటికి తిరుగుతుంది, ఒళ్లు రెండో వైపుకి వాలుతుంది. అప్పుడు కాలు ఎత్తుగా లేస్తుంది గానీ పని చేసేది తొడ ముందు కండరాలు. కాలి వేళ్లు ముందుకే చూస్తుండాలి, ఒళ్లు కదలకూడదు. ఇలా చేస్తే కాలు జానెడు కూడా లేవకపోవచ్చు. ఆ కొంచెమే కావాలి, పిరుదు పక్కన అలసట తెలిస్తే సరిగా చేస్తున్నట్టే.

వ్యాయామం తర్వాత కాస్త సలుపు ఉండి మర్నాటికి సర్దుకుంటే పర్వాలేదు. సలుపు రాత్రంతా ఉన్నా, మర్నాడు వాపు పెరిగినా కొంచెం తగ్గించండి, పూర్తిగా మానేయొద్దు. సాయంత్రానికి కాలు వాయడం చాలా వారాల పాటు మామూలే.

కొన్ని లక్షణాలు మాత్రం మామూలువి కావు. పిక్కలో నొప్పితో పాటు వాపు పెరగడం, జ్వరం, గాయం ఎర్రబడి చీమో రసో కారడం ఉంటే అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, తుంటిలో ఒక్కసారిగా భరించలేని నొప్పి వచ్చి కాలు మోపలేకపోయినా క్షణం కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇంకో టెన్షన్ కూడా చాలామందిని పట్టుకుంటుంది: "ఆపరేషన్ కాలు పొడుగైపోయింది." మొదటి నెలల్లో కండరాల బిగువు వల్ల కటి ఒక పక్కకి వంగి అలా అనిపించొచ్చు, చాలామందిలో సర్దుకుంటుంది. సొంతంగా చెప్పులో ఎత్తు పెట్టేసుకోకుండా ముందు కొలిపించుకోండి.

[తెరపై: అద్దం ముందు, బల్ల పక్కన నిలబడిన వ్యక్తి.]

మరి కర్ర ఎప్పుడు వదలాలి? క్యాలెండర్ చూసి కాదు. అద్దం ముందు, బల్లకి దగ్గరగా, పక్కన ఒకరిని ఉంచుకుని కర్ర లేకుండా నాలుగు అడుగులు వేయండి. భుజాలు రెండూ సమంగా ఉన్నాయా, ఒక వైపుకి ఊగుతున్నాయా? సమంగా ఉంటే ఇంట్లో కర్ర వదిలి, బయట వాడండి. అలసిపోయాక నడక మళ్లీ ఒరుగుతుంది, కాబట్టి సాయంత్రం కూడా ఒకసారి చూసుకోండి. ఊగుతుంటే నొప్పి ఏమాత్రం లేకపోయినా కర్ర చేతిలోనే ఉండాలి.