గరుకుదనం ఎక్కడ పుడుతుంది?

సభకు నమస్కారం.

గిటార్ యాంప్ మీది వాల్యూమ్ నాబ్ కూడా రేడియో నాబ్‌లాగా మోత పెంచడానికీ తగ్గించడానికీ పెట్టినదే అనుకుంటే ఈ యంత్రం మనకు ఎప్పటికీ అంతుపట్టదు. డిస్టార్షన్ అని మనం పిలిచే ఆ గరుకుదనం యాంప్‌లో ఏ మెట్టు దగ్గర పుడుతోందో ముందుగా పట్టుకోవాలి.

మార్షల్ కంపెనీ వారి 100 వాట్ల సూపర్ లీడ్ యాంప్‌కు మాస్టర్ వాల్యూమ్, అంటే చివరి మోతను విడిగా తగ్గించే నాబ్, ఉండేది కాదు. చివరనున్న ఈఎల్34 పవర్ వాల్వులు (స్పీకర్‌ను నడిపే గాజు గొట్టాలు) తట్టుకోలేనంతగా వాల్యూమ్ పెంచితే తప్ప అందులో గరుకుదనం నిండుగా పలికేది కాదు. అప్పటికి గదిలో మనిషి నిలవలేడు. 50 వాట్ల యాంప్ కొంటే మోత సగానికి దిగుతుందని ఆశపడేవారికి నిరాశే, ఎందుకంటే తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది కొద్ది తేడానే. 1975లో వచ్చిన 2203 మోడల్ ఈ చిక్కును రెండు నాబ్‌లతో విడదీసింది. ప్రీయాంప్ (గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే విభాగం) వాల్యూమ్ పెంచితే ముందున్న ఈసీసీ83 వాల్వుల్లోనే గరుకుదనం పుడుతుంది. టోన్ నాబ్‌ల తరువాత వచ్చే మాస్టర్ వాల్యూమ్ అందులో ఎంత భాగాన్ని పవర్ విభాగానికి పంపాలో తేలుస్తుంది.

అయితే మాస్టర్‌ను బాగా తగ్గించినప్పుడు పవర్ వాల్వులూ స్పీకరూ కలిపే నిండుదనం పోతుంది. తక్కువ మోతలో మన చెవికి మంద్రస్వరాలు సరిగా ఆనవు కూడా. అందుకే రాత్రిపూట ఇంట్లో వాయిస్తే అదే యాంప్ కందిరీగలా రొద పెడుతుంది. పైగా ప్రీయాంప్ వాల్యూమ్‌కు అడ్డంగా ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. నాబ్ 3 దగ్గర ఉన్నప్పుడు అది ట్రెబుల్‌ను, అంటే పైస్వరాలను, పక్కదారిన దాటిస్తుంది కనుక ధ్వని సూదిలా గుచ్చుకుంటుంది. 8 దాటేసరికి ఆ పదును చాలావరకు కరిగిపోతుంది.

ఇక ఎఫెక్ట్స్ లూప్. ప్రీయాంప్‌కూ పవర్ విభాగానికీ మధ్య బయటి పెడల్‌ను కలపడానికి సెండ్, రిటర్న్ అని రెండు జాక్‌లు పెడతారు. ప్రతిధ్వని పుట్టించే డిలే పెడల్‌ను యాంప్ ముందు పెడితే అసలు స్వరమూ దాని ప్రతిధ్వనీ కలిసి గరుకుబారతాయి, మెల్లగా ఉండవలసిన ప్రతిధ్వని కూడా ఉబ్బి పైకి వస్తుంది, మూడో తీగ మీటేసరికి అంతా కలగాపులగం. లూప్‌లో పెడితే, ముందే గరుకుబారిన స్వరానికి ప్రతిధ్వని విడిగా, తేటగా వినిపిస్తుంది. గరుకుదనం పవర్ వాల్వుల్లో పుట్టే సూపర్ లీడ్ వంటి యాంప్‌కు లూప్ బిగించినా ఈ మేలు దక్కదు; ప్రతిధ్వని ఆ వాల్వులను దాటే బయటికి రావాలి కదా! కొన్ని లూప్‌లు గిటార్ పెడల్ తట్టుకోలేనంత బలమైన సిగ్నల్ పంపుతాయి. అప్పుడు చిటపటలాడేది పెడల్ అయినా నింద మాత్రం యాంప్ మీద పడుతుంది. కాబట్టి సెండ్ జాక్ పక్కన స్థాయి మార్చే స్విచ్ ఉందేమో ముందు చూడండి, ఉంటే దానిని తగ్గించాకే పెడల్ కలపండి.